అమ్మకాలు బాగున్నా చేతిలో డబ్బు లేదంటే ఎక్సెల్‌లో ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. తాడేపల్లిగూడెంలో మీ నాన్నగారు ఇరవై ఏళ్లకు పైగా కిరాణా హోల్‌సేల్ నడుపుతున్నారు. చుట్టుపక్కల ఊళ్ల చిల్లర దుకాణాలకు నూనె, పప్పులు, సబ్బులు, బిస్కెట్లు వేస్తారు. మీరు డిగ్రీ అయ్యాక ఎక్సెల్ కోర్సు చేశారు. వీలుకప్ (ఒక జాబితాలోంచి కావాల్సిన విలువ వెతికి తెచ్చే ఫార్ములా) వచ్చు, పివట్ టేబుల్ (వరుసలను గుంపులుగా కూడి చూపే పట్టిక) వచ్చు. కానీ షాపులో కూర్చుని ఖాళీ ఫైలు తెరిస్తే ఏం చేయాలో తోచడం లేదు. ఇంకేం కోర్సు చేయాలని, ఇంకో వ్యాన్ కొనాలా అని అడిగారు. చివర్లో ఇంకో మాట కూడా రాశారు: "అమ్మకాలు బాగానే ఉన్నాయి, కానీ నెలాఖరుకి కంపెనీలకు కట్టాలంటే డబ్బు కోసం వెతుక్కోవాల్సి వస్తోంది."

ఇంకో కోర్సు వద్దమ్మా. ఆ చివరి వాక్యం పట్టుకోండి. దానికి జవాబు వెతుకుతూ పోతే మీకు కావాల్సిన ఎక్సెల్ అంతా దారిలోనే వస్తుంది. నేను విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ షాపుల లెక్కలు చూడటం మొదలుపెట్టి 26 ఏళ్లయింది. ఫార్ములాలు బాగా వచ్చి కూడా షాపుకి ఉపయోగపడలేని కుర్రాళ్లను చాలామందిని చూశాను. కూడిక, తీసివేత, ఫిల్టర్ మాత్రమే తెలిసి షాపుని అప్పుల్లోంచి బయటపడేసిన గుమస్తాలనూ చూశాను. ఆ గుమస్తాలు ఫైలు తెరిచే ముందే తమకు ఏం తెలియాలో ఒక కాగితం మీద రాసుకునేవారు.

మీ విషయంలో కాగితం మీద రాయాల్సింది ఒకటే: డబ్బు ఎక్కడ ఆగింది? కిరాణా హోల్‌సేల్‌లో డబ్బు ఆగే చోట్లు మూడే. పార్టీల దగ్గర, అంటే మీ సరుకు తీసుకునే దుకాణాల దగ్గర బాకీగా, గోడౌన్‌లో సరుకుగా, లేదా లాభం అనుకున్నది అసలు లాభమే కాకపోవడం. మీ ఊరి సంగతి తెలుసు కాబట్టి ముందు బాకీల దగ్గరే మొదలుపెట్టమంటాను.

ఎందుకో ఒక చిన్న లెక్కతో చెబుతాను. వందకి కొన్న సరుకు 104కి అమ్మారనుకోండి. మీ నాన్నగారు నాలుగు రూపాయల లాభం అంటారు. ఆ పార్టీ 75 రోజులకి కట్టింది. మీరు బయట నెలకి వందకి రూపాయిన్నర వడ్డీకి తెచ్చి తిప్పుతుంటే, రెండున్నర నెలలకి ఆ వంద మీద వడ్డీ 3 రూపాయల 75 పైసలు. మిగిలింది పావలా. హమాలీ, ఆటో బాడుగ, కుర్రాళ్ల జీతాలు అన్నీ ఆ పావలాలోంచే రావాలి. అదే సరుకు, అదే ధర, 20 రోజులకి కట్టే పార్టీ అయితే వడ్డీ రూపాయి, మిగిలేది మూడు రూపాయలు. అమ్మకాల రిజిస్టర్‌లో ఈ రెండు పార్టీలూ ఒకేలా కనిపిస్తాయి. పైగా ఆలస్యంగా కట్టే పార్టీయే ఎక్కువ సరుకు తీసుకుంటుంది కాబట్టి మంచి పార్టీ అని పేరు కూడా ఉంటుంది. ఈ తేడా ఒక్క కాలమ్‌లో కనబడేలా చేయడమే మీ మొదటి పని.

దానికి కావాల్సిన డేటా మీ లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీలో ఉంది. బిల్లులు, వసూళ్లు ఎక్సెల్‌లోకి తీయండి. ఇక్కడే చాలామంది దారి తప్పుతారు, అందుకే కాస్త నిదానంగా చెబుతాను.

ఒక వరుసకి ఒక బిల్లు. అంతే. తేదీ, బిల్లు నంబరు, పార్టీ కోడ్, లైను (సరుకు వేసే రూటు), మొత్తం. మధ్యలో ఖాళీ వరుసలు, "ఏప్రిల్ మొత్తం" అని కూడిక వరుసలు ఉండకూడదు. నెలకో షీటు చేయకండి, 12 నెలలూ కిందకి ఒకే షీటులో పోనివ్వండి. సెల్స్ కలపకండి. కట్టిన పార్టీకి పచ్చరంగు, కట్టనివాళ్లకి ఎర్రరంగు వేసే అలవాటు మన షాపుల్లో ఎక్కువ. షరతు పెట్టి కూడే సమ్‌ఇఫ్స్ ఫార్ములా ఆ రంగుని చదవలేదు, కాబట్టి ఆ సంగతి కోసం ఒక కాలమ్ పెట్టి మాటల్లో రాయండి. పుస్తకంలో రాసే చిట్టా మనిషి కళ్లకి అనువుగా ఉంటుంది, ఈ షీటు మాత్రం లెక్కకి అనువుగా ఉండాలి. అందంగా కనబడాల్సిన రిపోర్టు ఇంకో షీటులో చేసుకోండి.

పార్టీ కోడ్ అని ఎందుకన్నానంటే, మన ప్రాంతంలో ఊరికో శ్రీ లక్ష్మీ జనరల్ స్టోర్స్ ఉంటుంది. ఒకే షాపుని మీ గుమస్తా ఒకసారి "శ్రీ లక్ష్మీ", ఇంకోసారి "శ్రీలక్ష్మి", ఇంకోసారి "లక్ష్మీ స్టోర్స్ పెంటపాడు" అని రాస్తాడు. ఎక్సెల్‌కి అవి మూడు వేర్వేరు పార్టీలు. పేరు చివర కనబడని ఒక్క ఖాళీ ఉన్నా వేరే పార్టీయే. కాబట్టి పార్టీల జాబితా ఒక షీటులో పెట్టి, పెంటపాడు పార్టీలకి పెంట-01, పెంట-02, నిడదవోలు వాళ్లకి నిడ-01 అని మీరే కోడ్‌లు ఇవ్వండి. జీఎస్టీ నంబరుని కోడ్‌గా వాడొచ్చు, అది 15 అక్షరాలు, ఏ ఇద్దరికీ ఒకటి ఉండదు. కానీ చిన్న దుకాణాలకి ఆ నంబరే ఉండదు కదా. అందుకే సొంత కోడ్ మేలు. కోడ్ టైపు చేసే చోట డేటా వాలిడేషన్‌తో జాబితా పెట్టేస్తే, లేని కోడ్ ఎవరూ కొట్టలేరు.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. ఎక్సెల్‌లో తేదీ అంటే లోపల ఒక అంకె. 1900 జనవరి 1ని ఒకటి అనుకుని అక్కడ్నుంచి రోజులు లెక్కపెడుతుంది. 2023 మార్చి 15 దానికి 45,000. అందుకే ఒక తేదీలోంచి ఇంకో తేదీ తీసేస్తే నేరుగా రోజులు వస్తాయి, బాకీల లెక్కకి ఇదే ప్రాణం. కానీ మీ కంప్యూటర్ అమెరికా పద్ధతిలో సెట్ అయి ఉంటే ఏప్రిల్ 3 అని మీరు 03/04 కొట్టినది మార్చి 4 అయి కూర్చుంటుంది. ఏప్రిల్ 13 అయితే 13వ నెల లేదు కాబట్టి అది తేదీగా కాక ఉత్త అక్షరాలుగా మిగులుతుంది. ఒక కాలమ్‌లో కొన్ని తేదీలు కుడివైపు, కొన్ని ఎడమవైపు అతుక్కుని కనబడితే ఇదే జరిగిందని అనుకోండి. ముందు విండోస్‌లో రీజియన్ ఇండియాకి మార్చి, ఆ తర్వాత డేటా తీయండి.

తీసిన వెంటనే రెండు అంకెలు సరిచూడండి: ఎన్ని బిల్లులు, మొత్తం ఎంత. ట్యాలీలో ఉన్నదీ షీటులో ఉన్నదీ పైసాతో సహా కలవాలి. ఇది చాదస్తం కాదు. 2020లో ఇంగ్లండ్‌లో కరోనా పరీక్షల ఫలితాలను పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫైళ్లలోకి దింపుతుంటే 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాకుండా పోయాయి. పాత రకం ఫైలులో 65,536 వరుసలే పడతాయి, మిగిలినవి రాలిపోయాయి. 2007 నుంచి వచ్చిన కొత్త రకంలో పది లక్షలకు పైగా పడతాయి. మన షాపుల్లో వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్లలో కొన్ని ఇప్పటికీ ఆ పాత ఫైలే ఇస్తాయి. సరుకు వారీగా ఏడాది అమ్మకాలు తీస్తే 65 వేలు దాటడం హోల్‌సేల్ షాపుకి పెద్ద విషయమేం కాదు.

ఇక అసలు చిక్కు. చిల్లర దుకాణాల వాళ్లు బిల్లు వారీగా కట్టరు. లైన్‌కి వెళ్లిన కుర్రాడి చేతిలో పదివేలు, పదిహేను వేలు పెడతారు, "ఖాతాలో వేసుకో" అంటారు. మరి ఏ బిల్లు తీరినట్టు, ఏది మిగిలినట్టు? ట్యాలీలో బిల్లు వారీ సర్దుబాటు చేసుకుంటూ వస్తే అదే చెబుతుంది, కానీ మీ షాపులో అలా చేసి ఉండరని నా అంచనా. పాత బిల్లు ముందు తీరినట్టు లెక్క వేసుకోవడం వ్యాపారంలో అందరూ ఒప్పుకునే పద్ధతి. దాన్ని ఎక్సెల్‌లో ఎలా చేయాలో ఉదాహరణ చెబుతాను.

ఒక పార్టీకి ఏప్రిల్ 5న 40,000, మే 10న 30,000, జూన్ 12న 50,000 బిల్లులు ఉన్నాయి. అన్నీ కలిపి ఇంతవరకు 55,000 కట్టారు. బిల్లుల పక్క కాలమ్‌లో ఆ పార్టీకి అప్పటివరకు కూడుతూ వచ్చిన మొత్తం వేయండి: 40,000, తర్వాత 70,000, తర్వాత 1,20,000. దాని పక్క కాలమ్‌లో ఒక్కోదాంట్లోంచి ఆ 55,000 తీసేయండి: మైనస్ 15,000, ప్లస్ 15,000, 65,000. ఇప్పుడు రూల్ ఒకటే. వచ్చింది మైనస్ అయితే సున్నా. బిల్లు మొత్తం కంటే ఎక్కువ వస్తే బిల్లు మొత్తమే. మొదటి బిల్లు మీద మిగిలింది సున్నా, రెండోదాని మీద 15,000, మూడోది మొత్తం 50,000. కలిపితే 65,000. లక్షా ఇరవై వేలలోంచి 55 వేలు తీస్తే వచ్చేదీ అదే, కాబట్టి లెక్క సరిపోయింది. దీనికి కావాల్సిన ఫంక్షన్లు సమ్‌ఇఫ్స్, మ్యాక్స్, మిన్ మాత్రమే. వరుసలు పార్టీ వారీగా, అందులో తేదీ వారీగా సార్ట్ చేసి ఉండాలి.

జూన్ 30కి చూస్తే ఆ 15,000 వయసు 51 రోజులు, ఆ 50,000 వయసు 18 రోజులు. నెలకి రూపాయిన్నర వడ్డీ అంటే రోజుకి వందకి 5 పైసలు. మొదటిదాని మీద 382 రూపాయల 50 పైసలు, రెండోదాని మీద 450. ఈ ఒక్క పార్టీ బాకీ మోయడానికి మీకు ఇప్పటిదాకా 832 రూపాయల 50 పైసలు అయింది. అన్ని పార్టీలకీ ఇలాగే వేశాక పివట్ టేబుల్ వేయండి. పార్టీ వారీగా, 30 రోజుల లోపు, 31 నుంచి 60, 61 నుంచి 90, 90 పైన. చివర్లో వడ్డీ మొత్తం. వడ్డీ ఎక్కువున్న పార్టీ పైకి వచ్చేలా సార్ట్ చేయండి.

ఆ జాబితా చేతికి వచ్చాక తొందరపడి ఎవరికీ ఫోన్ చేయకండి. ప్రింట్ తీసి సాయంత్రం షాపు కట్టేశాక మీ నాన్నగారి పక్కన కూర్చోండి. పై నుంచి ఇరవై పేర్లు చదువుతూ ఒక్కొక్కరి గురించి ఆయన ఏమంటారో పక్క కాలమ్‌లో రాసుకోండి. "వీళ్లు దాళ్వా ధాన్యం డబ్బులు వచ్చాక కడతారు", "ఈయన కొడుకు చేతికి షాపు వచ్చాక ఇలా అయింది", "ఈయన పక్క హోల్‌సేల్‌లో రొక్కానికి కొని మన దగ్గర అరువు పెడతాడు" అని ఆయన చెప్పేది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు. గోదావరి జిల్లా పల్లెల్లో దుకాణాల వాళ్ల చేతికి డబ్బు వచ్చేదే పంటని బట్టి. 70 రోజుల బాకీ ఒక ఊళ్లో మామూలు, ఇంకో ఊళ్లో ప్రమాదం. ఆయన చెప్పింది లేకుండా మీ షీటు సగమే. మీ షీటు లేకపోతే ఆయనకి ఏ పార్టీ ఎంత వడ్డీ తింటోందో తెలిసే వీలు లేదు. నేను చూసిన ఇళ్లలో తండ్రీ పిల్లల మధ్య గొడవలు వచ్చింది ఈ జాబితాని నిలదీయడానికి వాడినప్పుడే. పక్కన కూర్చుని అడిగినవాళ్లకి అన్నీ చెప్పారు.

జీఎస్టీ ఉన్న పార్టీల దగ్గర మీకు ఇంకో ఆధారం ఉంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు కట్టకపోతే, ఆ బిల్లు మీద వాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది జీఎస్టీకి వచ్చే తగ్గింపు) వడ్డీతో సహా వెనక్కి ఇవ్వాలి. 150 రోజులు దాటిన బిల్లులు ఫిల్టర్ చేసి మర్యాదగా గుర్తుచేయండి. బ్యాంకులో మీకు సీసీ (క్యాష్ క్రెడిట్ అప్పు) ఉంటే 90 రోజులు దాటిన బాకీలను చాలా బ్యాంకులు డ్రాయింగ్ పవర్ (ఆ ఖాతాలోంచి ఎంతవరకు తీయొచ్చో ఆ పరిమితి) లెక్కలోకి తీసుకోవు. ఆ కాలమ్ మొత్తం తగ్గితే అక్కడా మీకు వెసులుబాటు వస్తుంది.

బాకీల పని రెండు మూడు వారాలు పడుతుంది. గోడౌన్ సంగతి దాంతో పోలిస్తే తేలిక. ప్రతి సరుకుకీ చివరిసారి అమ్మిన తేదీ, ఉన్న స్టాకు విలువ పక్కపక్కన పెట్టి పాతది పైకి సార్ట్ చేస్తే కదలని సరుకు దానంతట అదే బయటపడుతుంది.

కానీ కంపెనీ స్కీముల గురించి మాత్రం చెప్పాలి, మీ డబ్బు అక్కడ కూడా ఆగి ఉండొచ్చు. 12 కేసులు కొంటే ఒకటి ఫ్రీ అంటే మనకి కలిసొచ్చేది ఎనిమిదింపావు శాతం పైనే అనిపిస్తుంది. 13 కేసులకి 12 కేసుల డబ్బు కడుతున్నారు కాబట్టి కలిసొచ్చేది 7.69 శాతం. ఆ సరుకు నెలకి నాలుగు కేసులు పోతుంటే మూడున్నర నెలల్లోపే అయిపోతుంది, స్కీము లాభమే. నెలకి ఒక్క కేసే పోయే సరుకైతే 13 నెలలు గోడౌన్‌లో ఉంటుంది. కొంత ముందు, కొంత వెనక పోతుంది కాబట్టి సగటున ఆరున్నర నెలలు అనుకుంటే, రూపాయిన్నర చొప్పున వడ్డీ 9.75 శాతం. ఫ్రీ కేసు కోసం చేతి డబ్బు పెట్టుకున్నట్టు. సేల్స్‌మన్ స్కీము చెప్పగానే నెలకి ఎన్ని కేసులు పోతాయో కొట్టి చూసుకునేలా ఒక చిన్న షీటు పెట్టుకోండి.

లాభం శాతం దగ్గర కూడా ఒక పొరపాటు ప్రతి షాపులో చూశాను. 80కి కొని వందకి అమ్మితే, కొన్న ధర మీద 25 శాతం, అమ్మిన ధర మీద 20 శాతం. "పాతిక శాతం ఉంది కదా" అని పండక్కి 20 శాతం తగ్గిస్తే ఇంకా ఐదు మిగులుతుందనుకుంటారు. వందలో 20 తగ్గిస్తే 80, కొన్న ధరే. మీ షీటులో కాలమ్ పేరు ఉత్త "లాభం శాతం" అని పెట్టకండి, "అమ్మిన ధర మీద" అని పూర్తిగా రాయండి.

మీకు వీలుకప్ వచ్చన్నారు కాబట్టి నా చేతుల మీదుగా జరిగినది ఒకటి చెబుతాను. 2009లో ఒక హోల్‌సేల్ షాపులో రేట్ల జాబితా నుంచి బిల్లులోకి ధర వచ్చేలా నేనే వీలుకప్ పెట్టాను. చివరి భాగంలో ఖచ్చితంగా కలిస్తేనే చూపించు అని చెప్పే ఫాల్స్ రాయలేదు. రాయకపోతే ఎక్సెల్ దగ్గరగా ఉన్నది తెచ్చి పెడుతుంది. జాబితా అక్షరక్రమంలో ఉన్నంతకాలం సరిగ్గానే వచ్చింది. కొత్త సరుకులు అడుగున చేర్చిన రోజు నుంచి ఒక టిన్ను ధర ఇంకో టిన్నుకి పడింది. తప్పు అని ఎక్కడా చూపించదు, అంకె మామూలుగానే ఉంటుంది. మూడు రోజుల తర్వాత నూజివీడు పార్టీ ఫోన్ చేసి "నూనె ఇంత చవగ్గా వేశారేంటి" అని అడిగితేగాని తెలియలేదు. ఎక్కువ పడిన బిల్లులకి క్రెడిట్ నోట్లు ఇచ్చాం, తక్కువ పడినవి చాలావరకు వసూలు కాలేదు. అప్పటినుంచి ఏ ఫార్ములా పెట్టినా పది వరుసలు కాలిక్యులేటర్‌తో చేతిలెక్క వేసి చూడకుండా వాడను. ఆ పదిలో కనీసం మూడు జాబితా అడుగునుంచి తీసుకుంటాను.

ఇక మీరు రాసిన రెండో ప్రశ్న, ఇంకో వ్యాన్ కొనాలా అని. ఎక్సెల్ లాంటి లెక్కల షీట్లు అసలు పుట్టిందే ఇలాంటి ప్రశ్నల కోసం. 1978లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్లో చదువుతున్న డాన్ బ్రిక్లిన్‌కి, బోర్డు మీద ఒక అంకె మారిస్తే మిగతావన్నీ వాటంతట అవే మారితే బాగుండునని ఆలోచన వచ్చింది. బాబ్ ఫ్రాంక్‌స్టన్‌తో కలిసి చేసిన విజీకాల్క్ అనే లెక్కల షీటు 1979లో ఆపిల్ 2 కంప్యూటర్ మీద వచ్చింది. మనం వాడేవన్నీ దాని దారిలో వచ్చినవే. కాబట్టి మీ అంచనాలను ఫార్ములాల లోపల దాచకండి. డ్రైవర్ జీతం 18,000, డీజిల్ 15,000, వాయిదా 17,000 అని ఒక్కోటి ఒక్కో సెల్‌లో, పక్కన పేరుతో పెట్టండి. ఇవి నేను వేసుకున్న అంకెలు, మీవి మీరు వేసుకోండి. మొత్తం నెలకి 50,000.

వంద అమ్మకానికి నాలుగు రూపాయలు మిగులుతుందనుకుంటే ఆ 50,000 రావడానికి నెలకి 12.5 లక్షల కొత్త అమ్మకం చాలు. మీ నాన్నగారు వేసుకున్నది ఈ లెక్కే అయి ఉంటుంది. ఇప్పుడు ఇంకో సెల్‌లో "సగటు వసూలు రోజులు" అని పెట్టి 60 వేయండి. రెండు నెలల వడ్డీ సుమారు మూడు రూపాయలు పోతే మిగిలేది రూపాయి. కావాల్సిన అమ్మకం 50 లక్షలు. అదే సెల్‌లో 20 వేయండి. మిగిలేది మూడు, కావాల్సింది 16.67 లక్షలు. వ్యాన్ అదే, డ్రైవర్ అదే, రోజుల అంకె ఒక్కటే మారింది. కొత్త లైనులో ఎన్ని రోజులకి కడతారో మీకు తెలియదు, కానీ పాత లైన్ల సగటు మీ బాకీల షీటులోనే ఉంటుంది. అందుకే వ్యాన్ గురించి నిర్ణయం ఆ షీటు పూర్తయ్యేదాకా ఆపమంటున్నాను.

గ్రాఫులు, మ్యాక్రోలు, పవర్ క్వెరీ ఇప్పుడు అక్కర్లేదు. ప్రతి నెలా అదే డేటాని అదే రకంగా శుభ్రం చేస్తూ విసుగొచ్చిన రోజున పవర్ క్వెరీ నేర్చుకోండి, అప్పుడు అది రెండు రోజుల్లో వస్తుంది. ఎక్సెల్ కొనలేకపోతే గూగుల్ షీట్స్, లిబ్రే ఆఫీస్ ఉచితం, నేను చెప్పిన లెక్కలన్నీ వాటిలోనూ అవుతాయి. లైన్ కుర్రాడు వసూలు చేసిన చోటే ఫోన్‌లో రాసేయాలంటే గూగుల్ షీట్స్ ఇంకా నయం.

ఈ వారం గత ఆరు నెలల బిల్లులు, వసూళ్లు తీయండి. ఆరు నెలల ముందు నుంచి ఉన్న బాకీని ప్రతి పార్టీకీ మొదటి బిల్లుగా ఒక వరుసలో వేయడం మర్చిపోకండి, లేకపోతే వసూళ్లన్నీ కొత్త బిల్లులకి జమ పడి బాకీలు తక్కువగా కనబడతాయి. కోడ్‌లు ఇచ్చాక పార్టీ వారీ మొత్తం ట్యాలీతో కలవకపోతే ఎంత తేడా వస్తోందో, ఏ పార్టీల దగ్గర వస్తోందో రాయండి. తేడా తొమ్మిదితో భాగిస్తే సరిగ్గా పోతుంటే ఎక్కడో రెండు అంకెలు తారుమారు అయి ఉండొచ్చు, 54కి బదులు 45 కొట్టినట్టు. ముందు అది వెతకండి.